ఉల్లిపొర, చింతపిక్క, వంకాయ

నవంబరు 9, ఆదివారం

ఇంకా ఆరలేదు. ఆరదు కూడా. కాసేపట్లో ఆరిపోతుందని రంగు డబ్బా మీద అచ్చేయించినవాడు నవంబరు నెలలో ఢిల్లీ డాబా ఎప్పుడూ ఎక్కి ఉండడు. ఇక్కడ బట్టలే రోజుల తరబడి తీగ మీద వేలాడి, ఎక్కినప్పటికంటే మురిగ్గా దిగుతున్నాయి. అలాంటిది రోబో కాలికి రాగి రంగు కొట్టి, ఎండ కోసం ఆకాశం వంక చూస్తూ కూచున్నాను. ఆకాశం కనబడితే కదా. ఆరేలోపు ఆర్.కె.పురం మొత్తం దాని మీద వాలింది. దుమ్ము, ఎవరి పెళ్లి బాణసంచాదో మసి, ఒక దోమ. దోమని పట్టకారుతో తీశాను. దాని కాలు ఒకటి ఉండిపోయింది. ఇప్పుడు మా రోబోకి మూడు కాళ్లు.

ఇదంతా ఫిజియో అబ్బాయి పుణ్యం. లలిత కుడిచేతి వేళ్లకి పట్టు రావాలంటే చిన్న చిన్న పనులు చేయించమన్నాడు. పప్పు ఏరడమో, పూసలు గుచ్చడమో అని నేననుకున్నా. మా అమ్మాయి వాసవి ఊరుకుంటుందా. ఆన్‌లైన్‌లో రోబో బొమ్మ తెప్పించింది. అట్టపెట్టెలో బొమ్మ ఉండదు, ముక్కలుంటాయి. ప్లాస్టిక్ చట్రాలకి అతుక్కుని, చిక్కుడు పాదుకి కాయల్లా. లలిత కట్టర్‌తో ఒక్కో ముక్కా కత్తిరిస్తుంది. నేను రంగు వేస్తాను, ఆ వాసన ఆమెకి పడదు కాబట్టి. సంసారంలో పనుల పంపకం ఇన్నాళ్లకి కుదిరింది.

ఇవాళ భుజం ముక్క కత్తిరించింది. ఎడంచెయ్యి సాయం లేకుండా. నేను చూడనట్టు పేపరు చదివాను. పేపరు తిరగేసి ఉంది.

నవంబరు 11, మంగళవారం

స్పీచ్ మేడమ్ దగ్గరికి వెళ్లొచ్చాం. హిందీ మనిషి, మెత్తని మాట. కార్డుల మీద బొమ్మలు చూపిస్తుంది, లలిత పేర్లు చెప్పాలి. తెలుగులో చెప్పినా సరే, పక్కన కూచుని నేను హిందీలోకి మారుస్తాను. చెట్టు చెప్పింది. తాళం చెప్పింది. గొడుగుని గ్లాసు అంది. పోయినసారి గ్లాసుని గొడుగు అంది కాబట్టి లెక్క సరిపోయినట్టే.

ఆగస్టులో ఆ పొద్దున పక్షవాతం వచ్చి కాఫీ గ్లాసు చేతిలోంచి జారిన దగ్గర్నుంచీ ఇదే వరస. మనిషి లోపల అంతా ఉంది. తలుపు దగ్గరే మాటలు ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటున్నాయి. ఒకరోజు నన్ను "మంచం" అని పిలిచింది. ఆదివారాల్లో నన్ను చూసినవాళ్లెవరూ దాన్ని తప్పు అనరు.

వచ్చేటప్పుడు మేడమ్ చెప్పింది: "ఘర్ పే బాత్ కరియే అంకుల్. చీజోం కే నామ్, రంగోం కే నామ్ పూఛియే. బస్, టోకియే మత్."

ఇంట్లో మాట్లాడించాలట, వస్తువుల పేర్లూ రంగుల పేర్లూ అడగాలట. మధ్యలో అడ్డుపడి తప్పులు పట్టొద్దట. నేనెప్పుడు పట్టాను? సరిచేస్తాను. అది వేరు.

నవంబరు 12

మేడమ్ చెప్పినట్టే మొదలుపెట్టాను. రాగి రంగు వేసిన కాలు బల్ల మీద పెట్టి అడిగాను.

"ఇదేం రంగు లలితా?"

చాలాసేపు చూసింది. పెదాలు కదిలాయి.

"ఉల్లిపొర."

"ఉల్లిపాయా? ఆకలేస్తోందా?"

"ఛీ," అంది. చెయ్యి గాల్లో గుండ్రంగా తిప్పింది. ఇంకో మాటేదో కావాలి ఆమెకి, దొరకలేదు. "ఉల్లిపొర... ఉల్లిపొర..."

"ఇది రాగి. కాపర్. చెప్పు, కా-పర్."

చెప్పలేదు. నేను లేచి ఉల్లిపాయలు తరిగి పకోడీలు వేశాను. సగం మాడాయి. తిన్నది. అంటే అదే అడిగిందన్నమాట. భార్య మనసు నేను ఇప్పుడిప్పుడే చదవగలుగుతున్నాను.

నవంబరు 15, శనివారం

రోబో తుపాకీకి ముదురు కంచు రంగు కొట్టాను. మెరుస్తోంది, ఆరింది, దోమలు కూడా లేవు. ఏం రంగని అడిగితే "చింతపిక్క" అంది.

దీనికి పకోడీలు పనిచేయవు. ఆలోచించాను. చింతపిక్కలతో ఏం చేస్తారు? వామనగుంటలు ఆడతారు. పాపం చిన్నప్పటి ఆట గుర్తొచ్చి ఉంటుంది. వంటింట్లో చింతపండు ప్యాకెట్ చించితే ఒక్క పిక్క లేదు. గింజ తీసేసిన చింతపండట, అట్ట మీద గొప్పగా రాసుకున్నాడు కూడా. ఐ.ఎన్.ఏ. మార్కెట్‌దాకా వెళ్లి మన కొట్లో గింజ చింతపండు తెచ్చి, పిక్కలు ఒలిచి, కడిగి, తుడిచి, గుప్పెడు ఆమె ముందు పోశాను.

లలిత పిక్కల వంక చూసింది, నా వంక చూసింది. ఒక పిక్క ఏరి తుపాకీ పక్కన ఆనించి పెట్టింది. ఆట మొదలైందనుకుని నేనూ ఒక పిక్క పెట్టాను.

నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

తలనొప్పేమో. పడుకోమన్నాను.

నవంబరు 16, ఆదివారం

వాసవికి సెలవు. ఛాతీకీ, భుజాలకీ వేయాల్సిన రంగు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. ఒక వైపు నుంచి ఒక రంగు, ఇంకో వైపు నుంచి ఇంకో రంగు కనబడుతుందట. నేను నమ్మలేదు. మా ఆఫీసు సెక్షన్‌లో ఫైళ్లు అలా మారడం చూశాను గానీ, రంగులు మారడం చూడలేదు.

భుజం ముక్కకి వేశాను. బూడిద రంగు ప్లాస్టిక్ మీద సబ్బు నీళ్లు పూసినట్టు ఉంది. మారేదీ లేదు మన్నూ లేదు.

"పాపా! నీచే బ్లాక్ తో లగాయా హీ నహీ," అంది వాసవి. అడుగున నిగనిగలాడే నలుపు వెయ్యాలట, దాని మీద ఇది వేస్తేనే ఆట కడుతుందట.

"కొత్త బొమ్మకి నలుపేంటమ్మా, శుభమా అని?"

"పాపా, ఇట్స్ ఎ రోబో. నాట్ ఎ గృహప్రవేశం."

తండ్రితో తెలుగులో మాట్లాడదు గానీ, వెక్కిరించడానికి కావలసిన తెలుగు మాటలు అన్నీ వచ్చు.

ముక్కల్ని కడిగి, నలుపు కొట్టాను. చీపురుపుల్లలకి గుచ్చి థర్మాకోల్ ముక్కలో నాటాను. డాబా మీద చిన్న నల్ల తోట.

నవంబరు 18

నలుపు మీద మారే రంగు వేశాను. పొగమంచులో డాబా మీద అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాను. ఆకుపచ్చ. ఆ పొగలో ఏ వైపు తిప్పినా అదే ఆకుపచ్చ. సీసా కంపెనీవాడి గొప్పలు తప్ప ఇంకేం లేదు. కానీ అందంగా ఉంది. కిందికి తెచ్చి బల్ల మీద లైటు కింద పెట్టాను. లలిత కిటికీ వైపు కుర్చీలో, ఆమె పక్కనే టేబుల్ లైటు. నేను ఎదురుగా, నా చోట్లో.

"ఇదేం రంగు?"

ఆమె ముఖం వెలిగింది. ఎన్నాళ్లకో. ఏమాత్రం తడుముకోకుండా చెప్పింది:

"వంకాయ!"

నా ప్రాణం ఉసూరుమంది. నా కళ్లముందు పచ్చగా, ఆకులా మెరుస్తోంది ముక్క.

"కాదు లలితా. ఆకుపచ్చ."

"వంకాయ."

"సరిగ్గా చూడు. ఆకు. పచ్చ."

చూసింది. మళ్లీ చూసింది. ఈసారి కొంచెం మెల్లగా అంది, "వంకాయ..."

రాత్రికి వంకాయ కూర వండాను. కంచం వెనక్కి నెట్టింది. ఉప్పు తక్కువైంది, అదీ కారణం.

నవంబరు 19

పొద్దున అడిగాను. వంకాయ. సరిచేశాను. సాయంత్రం అడిగాను. వంకాయ. సరిచేశాను.

నవంబరు 20

పై అంతస్తు భీమేశ్వరరావు వచ్చాడు. అకౌంట్స్‌లో పని, నోట్లో మాట ఆగదు. లలితని చెల్లెమ్మా అంటాడు కాబట్టి నేను బావగార్ని. బల్ల మీద కాళ్లూ చేతులూ విడివిడిగా చూసి, "అల్లుడుగారు ఎప్పటికి తయారవుతారు బావగారూ?" అన్నాడు.

"ఛాతీదాకా వచ్చాడు. తలకాయ ఇంకా పెట్టెలోనే ఉంది."

"తలకాయ లేని అల్లుడైతే మరీ మంచిది. మామ మాట వింటాడు."

లలిత నవ్వుతుందేమోనని చూశాను. ముక్క చేతిలో పెట్టుకుని తిప్పుకుంటోంది. వెలుతురులోకి వంచింది, "వంకాయ" అని గొణిగింది. ఇటు వంచింది, "చిలకాకు." మళ్లీ అటు, "వంకాయ."

చూశారా, ఒక మాట మీద నిలకడ లేదు. భీమేశ్వరరావు తల పక్కకి తిప్పుకున్నాడు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర నా భుజం నొక్కాడు. జోకు వెయ్యలేదు. దానికే నాకు భయం వేసింది.

నవంబరు 21

కూర మళ్లీ వంకాయే. తినకపోతే పోనీ, మాట వస్తువుతో కలిస్తే గుర్తుంటుందని. వాసవి గిన్నె మూత తీసి, "పాపా, ఫిర్ సే బైంగన్?" అంది. కాస్సేపాగి, "మమ్మీ కో ఇత్నా కరెక్ట్ మత్ కరో నా. షీ లుక్స్ స్కేర్డ్."

భయమా? లలితకా? అమ్మకానికి చీరల మూట విప్పితే ఈ క్వార్టర్స్‌లో జాయింట్ సెక్రటరీల భార్యలు సైతం నోరు మూసుకుని వినేవాళ్లు. మంగళగిరి, ఉప్పాడ, వెంకటగిరి అంటూ గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. నేను మూట మోసేవాణ్ణి, ఆటో మాట్లాడేవాణ్ణి. గుమ్మం బయటే ఉండేవాణ్ణి కాబట్టి లోపల ఏం మాట్లాడేదో వినలేదు. చప్పుడు మాత్రం వినబడేది.

ఆ చీరల బీరువా ఆగస్టు నుంచీ తెరవలేదు.

నవంబరు 22, శనివారం

"ఇదేం రంగు?"

పెదాలు బిగించింది. తల అడ్డంగా ఊపింది.

రేపు చెబుతుంది.

నవంబరు 23

చెప్పలేదు.

నవంబరు 25, మంగళవారం

మేడమ్ దగ్గర ఒక్క కార్డుకీ మాట్లాడలేదు. చెట్టుకి కూడా. తాళానికి కూడా. మేడమ్ ఓపిగ్గా అన్నీ తిరగేసి చూపించింది. లలిత ఒడిలో చేతులు పెట్టుకుని, బస్సు కోసం కూచున్నట్టు కూచుంది.

నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది మేడమ్. మాటలు పోలేదు అంకుల్, ప్రయత్నం పోయింది. తప్పుగానైనా మాట్లాడుతూ ఉంటే తిరిగి వస్తాయి. మానేస్తే దారి మూసుకుపోతుంది. మొదటి నెలలే ముఖ్యం.

"ఘర్ మే కుఛ్ హువా క్యా?"

"కుఛ్ నహీ," అన్నాను. ఏం జరిగింది గనక? వంకాయ కూర జరిగింది.

నవంబరు 27

ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉంది. కట్టర్ చప్పుడు తప్ప. టిక్. టిక్. ముక్కలు మాత్రం మానలేదు.

నవంబరు 29, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

లలిత స్నానానికి వెళ్లింది. నేను రోబో చేతివేళ్లు అతుకుతున్నాను. చూపుడు వేలు జారి కింద పడింది. బియ్యపు గింజంత ముక్క. మోకాళ్ల మీద పాకుతూ బల్ల కిందికి, అటువైపు లలిత కుర్చీ కిందికి దూరాను. దొరికింది. లేవడానికి మోకాలు ఒప్పుకోలేదు. ఆమె కుర్చీ పట్టుకుని లేచి, అందులోనే కూలబడ్డాను. ఆయాసం తీరాక తలెత్తాను.

బల్ల మీద భుజం ముక్క వంకాయ రంగులో ఉంది.

లేత వంకాయ కాదు. కడిగి, తుడిచి, నిగనిగలాడే నల్ల వంకాయ. కళ్లద్దాలు తుడుచుకున్నాను. వంకాయే. లేచి నా కుర్చీలోకి వెళ్లాను. ఆకుపచ్చ. మళ్లీ ఆమె కుర్చీ. వంకాయ. నా కుర్చీ. పచ్చ. ఆమె కుర్చీ. ముక్కని ఎవరూ ముట్టుకోలేదు. ఉన్నచోటే ఉంది అది.

అప్పుడు అన్నీ వరసగా తగిలాయి. రోబో కాలు తీసి చూశాను. ఉల్లిపాయ పైపొర, ఆ గులాబీ రాగి నిగారింపు, అచ్చం అదే. తుపాకీ. చింతపిక్క. పక్కన పెట్టి మరీ చూపించింది. నేను ఆట ఆడాను.

ఉల్లిపొర రంగు. చింతపిక్క రంగు. వంకాయ రంగు. చీరల రంగులు. ముప్పై ఏళ్లుగా మూటలోంచి తీసి గుమ్మాల్లో చెప్పిన పేర్లు. ఆమెకి పోయిన మాటలు చాలా ఉన్నాయి. కానీ ఇక్కడ తప్పిపోయింది ఒక్కటే మాట. రంగు. ఆ ఒక్కటీ దొరక్క గాల్లో చెయ్యి తిప్పింది, నేను పకోడీలు వేశాను.

లలిత తల తుడుచుకుంటూ బయటికొచ్చింది. తన కుర్చీలో నన్ను చూసి ఆగింది.

"వంకాయే," అన్నాను. "వంకాయ రంగే లలితా. నువ్వు మొదటినుంచీ సరిగ్గానే చెప్పావు. నేను అటువైపు కూచున్నాను."

కళ్లలో ఏదో కదిలింది. నోరు తెరుస్తుందనుకున్నా. తువ్వాలు నా మొహాన విసిరి వంటింట్లోకి వెళ్లిపోయింది.

విసిరింది కుడిచేత్తో. ఫిజియో అబ్బాయికి చెప్పాలి.

నవంబరు 30, ఆదివారం

నా కుర్చీ ఇటు జరిపాను. ఇప్పుడు ఇద్దరం ఒకే వైపు, ఒకే లైటు కింద. మోచేతులు తగులుతున్నాయి. ఆమె జరగమన్నట్టు పొడుస్తోంది, నేను జరగను.

ఏం రంగని అడగడం మానేశాను. నాకు తెలియని రంగుల పేర్లు నేర్పమన్నాను. బీరువా తెరిచి చీరలు తెచ్చి బల్ల మీద పోశాను. "ఇది నాకు తెలిసి ఆరంజి. ఏమంటావు?" అన్నాను. ఆమె చీర అంచు వేళ్లతో నలిపి చూసుకుంది. మాట్లాడలేదు. అలక ఇంకా తీరలేదు. తీరేలోపు మాట్లాడాలన్న కోరికే పోతే? మేడమ్ అన్నది అదే కదా.

వాసవికి అంతా చెప్పాను. నవ్వి నవ్వి సోఫాలో పడింది. తర్వాత వాళ్లమ్మ పక్కన కూచుని, ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చింది. తెలుగులో ఏడ్చింది. "అమ్మా, ఏదైనా అనవే," అని.

లలిత దాని జుట్టు నిమిరింది. అంతే.

డిసెంబరు 2

మేడమ్‌కి చెప్పాను. "టోకియే మత్, బోలా థా నా అంకుల్," అంది. కోప్పడలేదు, అందుకే ఎక్కువ తగిలింది. వచ్చేవారం కార్డులు వద్దు, చీరలు తెండి అంది. లలిత అదీ విననట్టే ఉంది.

డిసెంబరు 4

ఛాతీ బిగించాం. లలిత నొక్కితే టక్కుమని కూచుంది. భుజాలు, మొండెం, కాళ్లు, అన్నీ కలిసి నిలబడ్డాయి. కిటికీ వెలుగులో మెరిసిపోతోంది. వాటం మాత్రం నాలా ఉంది, పొట్ట ముందు, మిగతాది వెనక.

భీమేశ్వరరావు ఎప్పట్లాగే చెప్పకుండా వచ్చాడు. గుమ్మంలో నిలబడి, "అబ్బ, అల్లుడు! గ్రీన్ బలే కుదిరింది బావగారూ," అన్నాడు.



"కాదు," అంది లలిత.

పన్నెండు రోజుల తర్వాత మొదటి మాట. నేను కదల్లేదు. భీమేశ్వరరావుకి ఇదేం తెలియదు, ఎప్పట్లాగే సాగించాడు.

"గ్రీన్ కాదా చెల్లెమ్మా? పోనీ బ్లూ."

"కాదు!"

"వయొలెట్టు?"

"కాదు కాదు!" కుర్చీ అంచుకి జరిగింది. రంగు తెలియని కొనుగోలుదారు గుమ్మంలో ఉన్నాడు, ఊరుకోగలదా మరి. వేలు పెట్టి ఛాతీ చూపించింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "ఇది... రెండూ. ఇది... నెమలి..."

నాకు తెలుసు ఆ మాట. అది ఒక్కటీ తెలుసు, మా పెళ్లి చీర అదే. నాలుక చివర నుంచి దూకబోయింది. పళ్లు కరుచుకున్నాను. జన్మలో అంత కష్టపడి నోరు మూసుకోలేదు.

"నెమలి..." మళ్లీ చెయ్యి గాల్లో తిరిగింది. మెడ దగ్గర పెట్టుకుంది. "నెమలి... పీక!"



"నెమలి పీకా!" అన్నాడు భీమేశ్వరరావు. "చెల్లెమ్మా, పీక పిసికి తీశావా ఏంటి రంగు?"

లలిత నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది, కుర్చీ కిర్రుమనేట్టు. నవ్వుతూనే "పీక," అంది. మళ్లీ అంది. అందరికంటే ముందు ఆమెకే తెలుసు అది కంఠం అని, పీక కాదని. అయినా అదే అంది, బాగుంది కాబట్టి. నేను సరిచేయలేదు. నెమలికి అభ్యంతరం ఉంటే అదే వచ్చి చెప్పుకుంటుంది.

ఆమె మొదట మాట్లాడింది నాతో కాదని కొంచెం గుచ్చుకుంది. రాసి పెట్టుకుంటున్నాను, ఎవరికీ చెప్పను.

డిసెంబరు 6, శనివారం

మొన్నటినుంచీ ఆగడం లేదు. తప్పులూ ఒప్పులూ కలిపి ధారగా వస్తున్నాయి. పాలవాణ్ణి "పోస్టు" అంది. కుక్కర్‌ని "రైలు" అంది, కూత పెడుతుంది కాబట్టి అందులో తప్పేం ఉంది. కింది ఇంటి తమిళావిడ చీర అడగడానికొస్తే బీరువా తెరిపించి, "కనకాంబరం" అని చూపించి, ధర మాత్రం వేళ్లతో చెప్పింది. వేళ్లు తప్పులు చేయలేదు.

నేను సోఫాలో కూచుని ఇది రాసుకుంటున్నా. ఏదన్నా అర్థం కాకపోతే లేచి ఆమె కూచున్న చోటుకి వెళ్లి చూడాలని నియమం పెట్టుకున్నాను. మోకాళ్లకి కష్టమే. రెండురోజుల్లో తేలిందేమిటంటే, ఆమె అనే మాటల్లో తప్పులని నేను అనుకునేవాటిలో సగానికి పైగా

పిలుస్తోంది లోపల్నుంచి. "ఏవండీ! తలకాయ!"

వస్తున్నా అన్నాను. తలకాయ అంటే రోబోకి బిగించాల్సిన తలా, ఆదివారానికి తేవాల్సిన తలకాయ మాంసమా, లేక నా మీద విసుగా, ఇక్కణ్ణుంచి తెలిసేది కాదు. మళ్లీ పిలుస్తోంది, ఈసారి గొంతు ఇంకా పైకి, నాకు ఎంత హాయిగా ఉందంటే ఇంకొక్క కేక వేసేదాకా ఇక్కడే కూచుని